పెదవుల మీద మిగిలిన మాట

ఏనుగులకు పేరుపడ్డ ఒకానొక రాజ్యాన్ని అరిభీకరుడనే రాజు ఏలేవాడు. ఆయనకు కోట ఉంది, కోశం ఉంది, యుద్ధానికి సరిపడా శత్రువులూ ఉన్నారు. బిరుదులు మాత్రం ఎన్ని ఉన్నా చాలేవి కావు. వందిమాగధులు వాటిని చదవడం మొదలుపెడితే వంటశాలలో అన్నం ఉడికి చల్లారేది.

ఆ కొలువులో బాచన అనే నడివయసువాడు ఉండేవాడు. అతను మంత్రి కాడు, కవి కాడు; విదూషకుడని ఎవరూ నియమించనూ లేదు. రాజు ఏనుగెక్కి ఊరేగేటప్పుడు అంబారీలో ఆయన వెనక కూర్చుని వింజామర వీచడం అతని ఉద్యోగం. వీచేవాడి చేతికి పని ఉంటుంది గాని నోటికి ఉండదు. ఆ నోటిని రాజు అప్పుడప్పుడు వినోదానికి వాడుకునేవాడు. బాచన మాటకు నవ్వడం రాజుకు అలవాటు. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోతుందో ఎరిగి ఉండడం బాచనకు ప్రాణావసరం.

ఒక ఏడాది వానలు ముగిసేవేళ, పడమటి సముద్రం దాటివచ్చిన ఓడవర్తకుడొకడు రాజుకు ఒక మట్టిపెంకు కానుకగా తెచ్చాడు. కాల్చిన మట్టి. దాని మీద, తడిబురదలో పిట్ట నడిచిపోయినట్టు, సన్నని గీతలు.

“ఇదేమి కానుక?” అన్నాడు రాజు.

“ఇది రాత ప్రభూ. రెండు నదుల నడుమ ఒక దేశం ఉంది. అక్కడ దిబ్బలు తవ్వితే ఇటువంటివి దొరుకుతాయి. ఒకప్పుడు మహానగరాలుండేవట.”

“అయితే చదివి వినిపించు.”

“చదవగలవాడు ఆ దేశంలోనే లేడు ప్రభూ. ఆ భాష మాట్లాడినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఆఖరివాడితో భాషా పోయింది. మట్టి మిగిలింది.”

రాజు పెంకును అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇంత కష్టపడి ఏమి రాసి ఉంటారు?”

“బిరుదులే అయి ఉంటాయి ప్రభూ,” అన్నాడు బాచన.

సభ గొల్లుమంది. రాజు నవ్వలేదు. ఆయన ముఖంలో ఏదో వెలుగు ఆరిపోవడం బాచన చూశాడు. చావును తలచుకున్నవాడి ముఖం అలా ఉండదు. తాను చచ్చిన తరువాత తన పేరు కూడా చస్తుందని మొదటిసారి తట్టినవాడి ముఖం అలా ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా రాజు నవ్వు అంచులు కొలుచుకుంటూ వచ్చిన బాచన ఆనాడు ఒక్క మాట తప్పుగా కొలిచాడు.

ఆ మట్టిపెంకు రాజును పట్టుకుంది. మానవుడు మొట్టమొదట పలికిన భాష ఏదో తేల్చాలన్నాడు. మొదటిది ఏదో అదే చివరిదాకా నిలుస్తుందని ఆయన ఊహ. పండితులను పిలిపించాడు. ఒకాయన, మనిషి పిట్టలను అనుకరిస్తూ మాట నేర్చాడన్నాడు. మరొకాయన, దెబ్బ తగిలినప్పటి మూలుగే మొదటి మాటన్నాడు. దుంగలు లాగేవాళ్ళ హైలెస్సా నుంచి భాష పుట్టిందన్నాడు ఇంకొకాయన. వాళ్ళందరికీ తాంబూలాలిచ్చి పంపేశారు. రాజుకు కావలసిన జవాబు శబ్దకేసరి విష్ణుభట్టు దగ్గర ఉంది.

“మహారాజా, మొదటి భాష మన రాజభాషే,” అన్నాడు విష్ణుభట్టు. ఆయన మాట్లాడుతుంటే శాలువా అంచు కూడా ఊగేది. “సృష్ట్యాదిని మనుష్యులు, మృగాలు, పక్షులు అన్నీ ఈ భాషనే వినేవి, ఈ భాషనే ఎరిగేవి. ఈనాటికీ శుద్ధంగా ఉచ్చరిస్తే మృగాలు సైతం గ్రహిస్తాయి. తక్కిన దేశాల భాషలు దీని శిథిలాలు.”

“మరి మన తూర్పు కొండవాళ్ళది?” అన్నాడు రాజు.

ఆ ప్రశ్న వచ్చిన వేగం బాచనకు వింతగా తోచింది.

“అది భాష కాదు ప్రభూ. ఏనుగులను పట్టి, ఏనుగులతో పడుకునేవాళ్ళు. వాళ్ళది మృగాల అరుపు. ఆదిభాష వెలసిన నేల మీద ఆ అరుపు వినబడడమే దోషం.”

మరునాడే శాసనం వెలువడింది. రాజభాషే ఆదిభాష. కొండవాళ్ళ కూత రాజ్యంలో ఎవరి నోట వినబడినా ఆ నోట నాలుక ఉండదు. ఏటిఒడ్డున ఈ మాటలు చెక్కిన శిల ఒకటి నిలబెట్టి, మంచిరోజు చూసి రాజే స్వయంగా దాని ముసుగు తీయాలని నిశ్చయమైంది.

ఇటువంటి శాసనాలను ఊరు మొదట నమ్మదు. మంగుడనే కొండవాడు ఎప్పటిలాగే తేనె కుండ నెత్తిన పెట్టుకుని అంగడివీధిలోకి వచ్చి, ఎప్పటిలాగే తన భాషలో కేకేశాడు. రాజభటులు అతన్ని తీసుకుపోయారు. తిరిగి వచ్చినప్పుడు మంగుడు తేనె తేలేదు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కోటగోడ నీడన కూర్చున్నాడు. ఆ పూట రాజు బాచనను ఏదైనా వినోదం చెప్పమన్నాడు. బాచనకు ఏమీ తోచలేదు.

పట్టపుటేనుగు గిరికన్యకు ముసలి మావటి ఒకడుండేవాడు, కొండవాడే. ఆ రోజుల్లోనే జ్వరమొచ్చి గజశాలలో పోయాడు. అతని పెళ్ళాం ఇర్మి శవం మీద పడి ఏడ్చింది. తన భాషలో ఏడ్చింది. ఆ ఏడుపు విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. సాక్ష్యం చెప్పినవాడు ఒక్కడే. ఒక్కడు చాలు. శిల ముసుగు తీసిన వెంటనే, దాని ఎదుటే, ఇర్మి నాలుక కోయాలని తీర్పయింది. మొదటి శిక్ష మూలన జరిగిపోయిందనీ, రెండోది వైభవంగా జరగాలనీ విష్ణుభట్టు కోరిక.

బాచన చెరసాలకు వెళ్ళాడు. మధ్యాహ్నపు ఎండ కటకటాల్లోంచి నేలమీద పడి ఉంది. ఇర్మి గోడకానుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన ముఖం.

“అవ్వా, శాసనం సంగతి నీకు తెలియదా?”

“తెలుసు.”

“తెలిసి ఎందుకు ఏడ్చావు?”

“ఏడవక?”

“ఏడిస్తే ఏడ్చావు. ఆ ఏడ్చేదేదో మా మాటల్లో ఏడవకపోయావా?”

ఇర్మి అతన్ని తేరిపార చూసింది. “సంతలో బేరమాడడానికి మీ మాట నేర్చాను నాయనా. ఏడవడం ఎవరూ నేర్పలేదు.”

బాచన ఆమె ఎదుట నేలమీద చతికిలబడ్డాడు. తరువాత, ఏదో ఒకటి మాట్లాడాలి గనుక అన్నట్టు అడిగాడు. “ఏనుగులకు మీ మాటే ఎందుకు నేర్పుతారు? మా మాట నేర్పవచ్చు కదా.”

“నేర్పేది మగవాళ్ళయితే ఏదైనా నేర్పుదురు. కొత్తగా పట్టిన గున్న మగగొంతు వింటే బెదురుతుంది. అందుకని మా గూడెంలో మొదటి ఏడాది మావటి దాని ఎదటికే రాడు. చంటిపిల్లల తల్లులం మేము దొడ్లో కూచుంటాం. అక్కడే పాలిస్తాం, అక్కడే ఆడిస్తాం. పిల్లతో ఏమంటామో గున్నతోనూ అదే అంటాం. పిల్ల పాకుతూ దూరంపోతే ‘ఊంబో’ అంటాం. వెనక్కి రా, నా దగ్గరికి రా అని. పిల్లా వస్తుంది, గున్నా వస్తుంది. ఆ తరవాత మావటి మెడమీద కూచుని అనేవన్నీ మేమన్న మాటలే. వాడికి కొత్తగా రావు.”

చెరసాల భటుడు దగ్గాడు. ఇర్మి పలికినది వినలేదని చెప్పే దగ్గు అది. బాచన గొంతు తగ్గించాడు.

“మా నాయన గుర్రపు రౌతు. వెనక శత్రువులు కోట పట్టుకున్నప్పుడు ఒక రాచబిడ్డను మీ గూడెంలో దాచారనీ, కోట మళ్ళీ దక్కాక తనే వెళ్ళి తెచ్చాననీ చెప్పేవాడు.”

“తీసుకుపోయారు.” ఇర్మి అంతే అంది.

“ఆ బిడ్డకు పాలిచ్చింది ఎవరు?”

“పాలున్నవాళ్ళు.”

“నువ్వా?”

“ఎవరికి పాలుంటే వాళ్ళమిచ్చాం. ఎవరెంత ఇచ్చారో గుర్తుపెట్టుకుంటామా నాయనా, అదేమన్నా సంతా?” అని, ఒక క్షణం ఆగి, “ఇది పోయి మీ దొరకు చెప్పమాక. బతిమాలినట్టుంటుంది,” అంది.

బాచన బయటికి వచ్చి చాలాసేపు నడిచాడు. రాజు తపోవనంలో మునుల నడుమ పెరిగాడని ఆస్థాన చరిత్ర చెబుతుంది. ఆ చరిత్రను సందేహించినవాళ్ళు ఎక్కువకాలం ఆస్థానంలో లేరు. కాని బాచన తండ్రి చావుమంచం మీద ఇంకో సంగతి కూడా చెప్పాడు. గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తెస్తుంటే, ఆ పిల్లవాడు దారి పొడుగునా వెనక్కి తిరిగి ఒకే మాటతో పిలుస్తూ వచ్చాడట. ఎవరూ రాలేదు. కోటలో ఆ మాట అన్నప్పుడల్లా గురువు వేలికణుపుల మీద బెత్తంతో కొట్టేవాడట. కొన్నాళ్ళకు పిల్లవాడు మానేశాడట.

మానేశాడా? అంబారీలో వెనక కూర్చున్నవాడికి రాజు ముఖం కనబడదు. చెవి కింద దవడ మాత్రం కనబడుతుంది. ముసలి మావటి గిరికన్యను వెనక్కి మళ్ళించడానికి ‘ఊంబో’ అనబోయే ప్రతిసారీ, వాడు అనడానికి ఒక రెప్పపాటు ముందే, ఆ దవడ కదలడం బాచన ఏళ్ళ తరబడి చూశాడు. చూసి, ఎప్పుడూ దానికి అర్థం వెతకలేదు. ఇప్పుడు ఆ అర్థం వెతక్కుండానే ఎదురుగా వచ్చి నిలబడింది. రాజు పగపట్టింది కొండవాళ్ళ మీద కాదు. తన నోట్లో ఇంకా చావని ఒక పసివాడి మీద.

మరునాడు సభలో బాచన లేచి చేతులు జోడించాడు.

“ప్రభూ, ఒక భయం. ఉత్సవం నాడు దేవర గిరికన్యనెక్కి శిల దగ్గరకు వేంచేస్తారు. మెడమీద ఏ మావటి కూర్చున్నా వాడు కొండవాడే. ఏనుగును తోలడానికి వాడు నోరు తెరిచాడా, దేవర శాసనం దేవర కాళ్ళ దగ్గరే భంగమవుతుంది.”

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. “అయితే ఏమి చేద్దామంటావు?”

“శబ్దకేసరిగారు మొన్న సెలవిచ్చారు కదా, ఆదిభాష మృగాలకు కూడా తెలుస్తుందని. ఏనుగుకు తెలియదంటారా భట్టుగారూ?”

“నిస్సంశయంగా తెలుస్తుంది!” అన్నాడు విష్ణుభట్టు.

“మరింకేం! కొండవాళ్ళనందరినీ ఒడ్డున నోళ్ళు మూసుకుని నిలబడమందాం. గిరికన్య మెడమీద భట్టుగారు కూర్చుని ఆదిభాషలో ఆజ్ఞాపిస్తారు. ప్రజలు కళ్ళారా చూస్తారు. శిల మీద చెక్కిన మాటకు అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది?”

నిస్సంశయంగా అనే మాటను వెనక్కి తీసుకోవడం విష్ణుభట్టు చదివిన శాస్త్రాల్లో లేదు.

“బాగుంది,” అన్నాడు రాజు.

ఉత్సవం నాటికి ఏరు నిండుగా ఉంది. పైన కొండల్లో కురిసిన వానంతా ఎర్రగా, చెట్లకొమ్మలను దొర్లించుకుంటూ పోతోంది. కోట మెట్లవేదిక మీదినుంచి రాజు అంబారీ ఎక్కాడు. బాచన వింజామరతో వెనక కూర్చున్నాడు. విష్ణుభట్టును నలుగురు ఎత్తి మెడమీద కూర్చోబెట్టారు. ఆయన రెండు చేతులా ఏనుగు చెవులు పట్టుకుని, గొంతు సవరించుకుని, “ఓ గజేంద్రకన్యకా! పురోగమింపుము!” అన్నాడు.

గిరికన్య కదిలింది.

“చూశారా మహారాజా! విన్నది!”

జనం జేజేలు కొట్టారు. అది ఏనుగు రోజూ ఏటికి పోయే వేళ అనీ, రోజూ పోయే దారి అనీ బాచనకు తెలుసు. వింజామర వీస్తూనే ఉన్నాడు. అతనికి ఈత రాదు.

ఏటిఒడ్డున పట్టుగుడ్డ కప్పిన శిల. దాని పక్కన కట్టేసిన ఇర్మి. ఆమెకు ఈవల తలారి, ఆవల మంగుడు. శాసనం ఉత్తమాట కాదని చూపడానికి మంగుణ్ణి కూడా తెచ్చి నిలబెట్టారు. వాళ్ళ వెనక కొండ మావటీలు బారులు తీరి, శాసనానికి విధేయులమని తెలిసేలా, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు.

“ఓ కరిణీ! నిలువుము!” అన్నాడు విష్ణుభట్టు.

గిరికన్య శిలను దాటింది.

“నిలువుమంటిని కదా! గమనంబు చాలింపుము!”

గిరికన్య ముందుకాళ్ళు నీళ్ళలో పెట్టింది. వరద రోజుల్లో మావటి దాన్ని అంచు దగ్గరే ఆపి, ఒడ్డు మీదే నీళ్ళు పోసేవాడు. ఇవాళ ఆపే మాట రాలేదు. రాలేదు గనుక పొమ్మన్నట్టేనని దాని ఎరుక. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. కడుపుకు వచ్చాయి. అంబారీ తాళ్ళు తడిసి కిర్రుమన్నాయి.

“వెనుదిరుగుము! ఓసీ, వెనుదిరుగవే! అయ్యో, తిరగవే తల్లీ!” శబ్దకేసరి భాష ఏటిలోకి దిగేకొద్దీ మెట్టు మెట్టుగా దిగి మామూలు మనిషి భాషయింది.

“ఒడ్డుమీదివాళ్ళను పిలవమను!” రాజు అరిచాడు. “నేను సెలవిస్తున్నాను! పిలవమను!”

ఏటిహోరులో ఆ సెలవు ఎవరికీ చేరలేదు. ఒడ్డున మావటీలు కాళ్ళు నిలవక అటూ ఇటూ కదులుతున్నారు. చేతులు మాత్రం నోళ్ళ మీదనుంచి తీయలేదు. మంగుడు వాళ్ళ పక్కనే ఉన్నాడు.

“బాచనా! ఏమైనా చెయ్యి!”

“నాకు వచ్చినదల్లా వింజామర ప్రభూ.”

కొట్టుకొస్తున్న మానొకటి అంబారీ అంచును రాసుకుపోయింది. ఏనుగు అడుగు జారింది, మళ్ళీ నిలదొక్కుకుంది. కొంచెం ఆవల సుడి తిరుగుతోంది. ఎర్రనీళ్ళ నడుమ నల్లని గుంట. గిరికన్య తొండం ఎత్తి సంతోషంగా నీళ్ళు చిమ్ముకుంది.

బాచనకు ఆ మాట తెలుసు. ఏళ్ళ తరబడి విన్న మాట. పెదవుల దాకా వచ్చింది. అంటే బతుకుతాడు, ఇర్మి నాలుకతోపాటు తన నాలుకా పోతుంది, శిల నిలబడుతుంది. అనకపోతే ఎవరూ మిగలరు. రాజు చెవి కింద దవడనే చూస్తున్నాడు. అది బిగుసుకుని ఉంది. రాయిలా ఉంది. నేను తప్పు లెక్క వేశానేమో, ఆ పసివాడు నిజంగానే ఎప్పుడో పోయాడేమో అనుకున్నాడు. పెదవులు కలిశాయి.

“ఊంబో!”

అది బాచన గొంతు కాదు. రాజు గొంతు కూడా కాదు. యాభై ఏళ్ళు నేలమాళిగలో ఉన్న వస్తువును పైకి తీసినట్టు, బొంగురుగా, పిల్లతనంగా, ఏడుపు కలిసి వచ్చింది.

ఏనుగు చెవులు నిక్కాయి.

“ఊంబో! ఊంబో!”

గిరికన్య తిరిగింది. ప్రవాహానికి ఎదురు భుజమొడ్డి, ఒక్కొక్క అడుగే ఇసుకలో దిగేస్తూ ఒడ్డుకు నడిచింది. రాజు ఆ మాటే అరుస్తూ వచ్చాడు. చీలమండల లోతుకు వచ్చాక అలవాటు ప్రకారం తానే కూర్చుంది. విష్ణుభట్టు మెడమీదనుంచి జారి బురదలో పడ్డాడు. ఆయనను లేపడానికి ఎవరూ రాలేదు.

రాజు దిగాడు. తలపాగా ఏటిలో పోయింది. తడిసిన జుట్టుతో ఆయన వయసు కనబడింది. ఒడ్డున ఊరంతా ఉంది. దగ్గరకు వచ్చాక అరిచిన ఆ మాటను ఊరంతా విన్నది. ఎవరూ జేజేలు కొట్టలేదు.

బాచన దిగి, తలారిని కేకేశాడు. “ఇలా రా నాయనా. శాసనం ప్రకారం నీకు ఇక్కడ పని పడింది.”

తలారి కత్తి వెనక్కి పెట్టుకున్నాడు. “నాకేమీ వినబడలేదండీ. ఏటిహోరు.”

“బాచనా,” అన్నాడు రాజు, చాలా నెమ్మదిగా, “నా నాలుక కోయిస్తావా?”

“ఎంతమాట ప్రభూ. వింజామర వీచేవాణ్ణి, నాకు తీర్పులేం తెలుస్తాయి? నా సందేహం శబ్దకేసరిగారితో. భట్టుగారూ, బురద తుడుచుకుని చెప్పండి. ఇప్పుడు దేవర అన్నది భాషా, అరుపా?”

విష్ణుభట్టు రాజు వంక చూశాడు, ఏటి వంక చూశాడు, మళ్ళీ రాజు వంక చూశాడు.

“భాష అయితే,” అన్నాడు బాచన, “ఆ శిల అబద్ధం చెబుతోంది. అరుపయితే, గోశాలలో ఆవు అరిచినందుకు ఎవరూ నాలుక కోయరు. అప్పుడు దేవరదీ తప్పు లేదు, ఈ అవ్వదీ తప్పు లేదు. రెండిట్లో ఏది సెలవిచ్చినా నాకు సమ్మతమే.”

విష్ణుభట్టు జీవితంలో మొదటిసారి ఏ భాషలోనూ మాట్లాడలేదు.

“నీకు ఈత వచ్చా?” అన్నాడు రాజు ఉన్నట్టుండి.

“రాదు ప్రభూ.”

“నేను పలకకపోయుంటే?”

“మాట ఎలా పుట్టిందో తేలకుండానే ముగ్గురం పోయేవాళ్ళం.”

రాజు నవ్వాడు. మొదట ముక్కులోంచి చిన్నగా వచ్చింది. తరువాత పొట్ట పట్టుకుని, వంగి, తడిసిన బట్టల్లో ఊగిపోతూ నవ్వాడు. నవ్వవచ్చునని తెలిశాక జనమూ నవ్వారు. ఆ నవ్వు చివర రాజు కళ్ళు తుడుచుకోవడం చూసినవాళ్ళు, ఏటినీళ్ళు అనుకున్నారు.

“ఆ శిలను ఏటిలో దొర్లించండి,” అన్నాడు. ముంజేతి కంకణం తీసి బాచన చేతికి తొడిగాడు. “ఇది నీ ధైర్యానికి. ఇంకేమైనా కోరుకో.”

“రెండు కోరికలు ప్రభూ. అవ్వను ఇంటికి పంపండి.”

తలారే కట్లు విప్పాడు. ఇర్మి మణికట్లు రాసుకుంది. రాజుకు దండం పెట్టలేదు. ఒక్కసారి, ఎదిగిన బిడ్డ ఒళ్ళు చిక్కిందేమోనని చూసినట్టు చూసి, తల తిప్పుకుంది.

“రెండోది?”

“ముసలి మావటి పోయి గిరికన్యకు దిక్కులేదు. ఆ కొలువు మంగుడికి ఇప్పించండి.”

బురదలోంచి లేస్తూ విష్ణుభట్టు ఆ మాట అందుకున్నాడు. పోయిన పరువులో పిసరంతైనా తిరిగి దక్కుతుందని ఆశ. “నాలుక లేనివాడికా? మాట లేకుండా ఏనుగును ఎలా తోలుతాడు? సైగలతోనా?”

జనంలో కొందరు నవ్వారు. అప్పటికి రాజు కూడా ఇంకా పూర్తిగా నవ్వు ఆపలేదు. ఆ నవ్వుతోనే మంగుడి వంక తిరిగాడు.

మంగుడు నోటిమీది గుడ్డ తీశాడు. నవ్వులు ఆగిపోయాయి. తల్లులు పిల్లల కళ్ళు మూశారు. అతను ఏనుగుకు దూరంగా, ఇసుకమీద నిలబడి ఉన్నాడు. తేనె, అంగడి, కొండ, తన పేరు, ఏదీ ఇక ఆ నోట పలకదు. అతను ఊపిరి తీసుకుని పెదవులు రెండూ కలిపాడు.

“ఊంబో.”

నెమ్మదిగా అన్నాడు. స్పష్టంగా వచ్చింది. పాలు తాగే పిల్లకు అందే మాట అది. పెదవులూ ఊపిరీ ఉంటే చాలు. అందులో నాలుకకు పని లేదు. శాసనం రాసినవాళ్ళకు ఆ సంగతి తెలియదు.

గిరికన్య నీళ్ళలోంచి లేచింది. ఒళ్ళంతా ఎర్రనీరు కారుతుండగా జనాన్ని చీల్చుకుని నడిచి వెళ్ళి, తొండం మంగుడి భుజం మీద వేసింది.

అందరూ ఏనుగునే చూశారు. బాచన ఒక్కడే, అలవాటు కొద్దీ, రాజును చూశాడు. రాజు నవ్వడం లేదు. దవడ కదలడం లేదు. తడి ఇసుకలో ఆయన పాదం ఒకటి, తనకు తెలియకుండానే, పిలుపు వచ్చిన వైపు ఒక అడుగు ముందుకు వేసి ఉంది.

బాచన కంకణం ఉన్న చేత్తో వింజామర తీసుకుని, వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాడు. చెప్పేవాళ్ళు ఈ కథను ఇక్కడే ముగిస్తారు. ఆ పిలుపు మాత్రం ఆ ఏటిఒడ్డున రోజూ పొద్దున్నే వినబడేదట.